కర్మ ముందా, క్రియ ముందా? — ఒక బాణపు గుర్తు చరిత్ర

ఆమదాలవలసలో మొదటిసారి రైలు దిగినవారు క్షణకాలం తికమకపడతారు. ఊరి పేరు ఆమదాలవలస; స్టేషను పేరు శ్రీకాకుళం రోడ్డు. రైల్వేవారి లెక్కల్లో ఈ స్టేషనుకు ఉన్న సంకేతాక్షరాలు సి. హెచ్. ఇ. ఇంగ్లీషువారు శ్రీకాకుళాన్ని 'చికాకోల్' అనేవారు. ఆ పేరు వాడుకలోనుంచి పోయినా దాని అక్షరాలు సంకేతంలో నిలిచిపోయినవి. పేర్లు మూడు, చోటు ఒకటే. పిలిచే తీరు మారినంతమాత్రాన రైలు వేరొకచోట ఆగదు.

అయితే పిలిచే తీరుకు విలువే లేదా? ఉన్నది. వినేవాడికి దారి సులభంగా తెలిసిందా లేదా అన్నదానిలో దాని విలువ ఉన్నది. కంప్యూటరుకు పని చెప్పే భాషల్లోనూ ఇటువంటి ప్రశ్న ఒకటి ఉన్నది. ఒక వస్తువుపై ఒక పని జరగవలసి ఉంటే, ముందు పని పేరు వ్రాయాలా, వస్తువు పేరు వ్రాయాలా? గణితశాస్త్రంలో మొదలైన ఈ ప్రశ్న 2019వ సంవత్సరంలో 'విమ్' అనే టెక్స్ట్ ఎడిటరులో చిన్న బాణపు గుర్తు రూపంలో ఒక సమాధానం పొందినది. టెక్స్ట్ ఎడిటరు అంటే కంప్యూటరుపై వ్రాతను వ్రాసి దిద్దుకొనే సాధనం. ఆ బాణం వెనుక ఉన్న చరిత్రను చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నేను పట్టిన తప్పు

2018లో మా కళాశాల ప్రయోగశాలలో విద్యార్థులకు ఒక చిన్న పని ఇచ్చాను. ఒక ఫైలులో మన జిల్లా ఊళ్ళ పేర్లు పంక్తికి ఒకటి చొప్పున ఉన్నవి. మధ్యమధ్య ఖాళీ పంక్తులు ఉన్నవి. ఖాళీలు తీసివేసి, పేర్లను అకారాది క్రమంలో పెట్టి, కామాలతో కలిపి ఒకే పంక్తిగా చేయాలి. ఇంతే పని.

పదవ తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివిన ఒక అమ్మాయి ముందుగా నోటుపుస్తకంలో తెలుగులో ఇలా వ్రాసుకొన్నది: "జాబితా తీసుకొని, వడపోసి, వరుసపెట్టి, కలపాలి." తరువాత ప్రోగ్రామును కూడా అదే వరుసలో వ్రాసినది. ముందు జాబితా, దాని వెనుక వడపోత, దాని వెనుక వరుస, చివర కలపడం. కంప్యూటరు దానిని అంగీకరించక తప్పు చూపినది. నేను చూచి, "నీవు తలక్రిందులుగా ఆలోచిస్తున్నావమ్మా. చివర జరిగే పనిని ముందు వ్రాయాలి" అన్నాను. ఆ అమ్మాయి, "పని జరిగే వరుస ఇదే కదండీ, మాస్టారూ?" అన్నది.

దానికి నావద్ద సమాధానం లేకపోయినది. "నియమం అంతే" అని చెప్పి ముందుకు సాగాను. కాని ఆ మాట నన్ను చాలకాలం బాధించినది. నియమం ప్రకృతిలో పుట్టినదైతే అది వేరు. ఇది మనుష్యులు పెట్టుకొన్న నియమం. అటువంటి నియమానికి కారణం ఉండాలి, కాలం ఉండాలి, పెట్టినవారు ఉండాలి. ఆ ముగ్గురిని వెదకబోయి తెలుసుకొన్నదే ఈ చరిత్ర.

ఆయిలర్ వేసిన దారి

ఒక రాశిని తీసుకొని దానినుంచి మరొక రాశిని ఇచ్చే నియమాన్ని గణితంలో 'ప్రమేయం' అంటాము. ఎఫ్ అనే అక్షరం వ్రాసి, దాని ప్రక్కన కుండలీకరణంలో ఎక్స్ వ్రాసే అలవాటు స్విట్జర్లండులో పుట్టిన మహాగణితవేత్త లియొనార్డ్ ఆయిలర్ 1734లో ప్రవేశపెట్టినది. పని పేరు ముందు, సరకు కుండలీకరణంలో. సైను, కొసైను, లాగరిథము అన్నీ మనము ఈ తీరుననే నేర్చుకొన్నాము.

అయితే గణితమంతా ఒకే దారిలో నడవలేదని పాఠకులు గమనించాలి. ఒక సంఖ్య వర్గాన్ని వ్రాసేటప్పుడు ముందు సంఖ్య వ్రాసి, దాని తలపై రెండు వేస్తాము. క్రమగుణితానికి ఆశ్చర్యార్థకపు గుర్తును 1808లో క్రిస్టియన్ క్రాంప్ వాడినాడు. అక్కడ కూడా ముందు సంఖ్య, తరువాత గుర్తు. కూడిక గుర్తు రెండు సంఖ్యల నడుమ ఉంటుంది. అంటే క్రియను ముందు, నడుమ, వెనుక వ్రాసే మూడు పద్ధతులనూ బడిపిల్లలు తమకు తెలియకుండానే వాడుతున్నారు.

1924లో పోలండు తర్కశాస్త్రవేత్త యాన్ లుకాసియేవిచ్ గుర్తులన్నిటినీ ముందుకు జరిపితే కుండలీకరణాల అవసరమే ఉండదని చూపాడు. ఆ పద్ధతిని తిరగవేసి గుర్తులన్నిటినీ వెనుకకు జరిపినా అదే ఫలితం వస్తుంది. దానిని 'విలోమ పోలిష్ వ్రాత' అన్నారు. హ్యూలెట్-పాకార్డ్ వారు 1972లో విడుదల చేసిన హెచ్.పి.-35 అనే చేతిగణకం ఈ పద్ధతినే వాడినది. దానిలో మూడును నాలుగును కూడాలంటే మూడు నొక్కి, 'ఎంటర్' మీట నొక్కి, నాలుగు నొక్కి, చివర కూడిక నొక్కాలి. "మూడును నాలుగును కూడు" అనే తెలుగు వాక్యపు వరుస సరిగా ఇదే!

పొందూరు పత్తి

ఒక్క పని ఉన్నప్పుడు ఏ పద్ధతైనా ఒకటే. పనిమీద పని పడినప్పుడే తేడా బయటపడుతుంది. దీనికి మన ప్రక్క ఊరినుంచే ఒక ఉదాహరణ తీసుకొందాము.

ఆమదాలవలసకు సమీపాన ఉన్న పొందూరు సన్నని ఖద్దరుకు పేరుపొందినది. అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకుతారు. ఆ ఎముకపై ఉన్న సన్నని పళ్ళు దువ్వెనవలె పనిచేసి పత్తిలోని నలుసులను తొలగిస్తవి. తరువాత గింజ తీసి, దూదిని శుభ్రపరచి, ఏకులు చుట్టి, నూలు వడికి, బట్ట నేస్తారు. వీటిలో నాలుగు పనులను మాత్రం తీసుకొని ఆయిలర్ పద్ధతిలో వ్రాద్దాము:

నేయు(వడుకు(చుట్టు(ఏకు(పత్తి))))

దీనిని చదివేవాడికి మొదట కనిపించేది నేత. కాని నేత చిట్టచివరి పని. మొదటి పని ఏకడం. అది లోపలి పొరలో దాగి ఉన్నది. పత్తి అన్నిటికంటే లోపల ఉన్నది. అర్థం కావాలంటే లోపలికి పోయి, అక్కడినుంచి వెనుకకు చదువుతూ బయటకు రావాలి. చివరను నాలుగు కుండలీకరణాలు సరిపోయినవో లేదో లెక్కపెట్టుకోవాలి. ఇక ఒక్కొక్క పనికి అదనపు వివరం చేరితే, ఎంత సన్నని నూలు, ఎంత పన్నా బట్ట అన్నవి చేరితే, ఆ వివరాలు తమ క్రియకు దూరంగా కుడివైపు చివరన పడిపోతవి. ఏ వివరం ఏ క్రియకు చెందినదో చెప్పడం కష్టమవుతుంది.

ఇప్పుడు ఇదే విషయాన్ని మరొక తీరున వ్రాద్దాము:

పత్తి->ఏకు()->చుట్టు()->వడుకు()->నేయు()

పత్తి ముందు వచ్చినది. పనులు జరిగే వరుసలోనే కుదిరినవి. ఒక్కొక్క పని వివరం ఆ పని ప్రక్కనున్న కుండలీకరణంలోనే ఉంటుంది. "పత్తిని ఏకి, చుట్టి, వడికి, నేయు" అని దీనిని తెలుగులో ఉన్నదున్నట్లు చదువవచ్చును. ఏకి, చుట్టి, వడికి అనే అసమాపక క్రియలను మన వ్యాకరణం క్త్వార్థకాలంటుంది. ఒకే వాక్యంలో పనిమీద పనిని పేర్చడానికి తెలుగు వాడే ప్రధాన సాధనం ఇదే. సమాపక క్రియ చివర ఒక్కటే ఉంటుంది. బాణాల వరుస చేసే పని కూడా ఇదే.

ఇంతమాత్రాన ఈ బాణాన్ని తెలుగును చూచి తయారుచేశారని ఎవరూ అనుకోరాదు. అది వచ్చిన దారి వేరు.

నార్వేనుంచి వచ్చిన చుక్క

ఫోర్ట్రాన్ భాషను ఐ.బి.ఎం. సంస్థలో జాన్ బాకస్ బృందం 1957లో వెలువరించినది. దాని పేరే సూత్రాల అనువాదం అని అర్థమిచ్చేది. గణిత సూత్రాలను కంప్యూటరుకు అందించడమే దాని ప్రయోజనం గనుక, ఆయిలర్ పద్ధతి యథాతథంగా దానిలోకి వచ్చినది. తరువాతి భాషలనేకం ఆ దారినే నడిచినవి. పైగా "ఈ జాబితాను వరుసపెట్టు" అనే ఆజ్ఞను ఇంగ్లీషులో చెప్పేటప్పుడు క్రియ ముందు వస్తుంది. గణితపు అలవాటు, ఇంగ్లీషు ఆజ్ఞావాక్యపు వరుస రెండూ ఒకటే కావడంచేత అది వింతగా ఎవరికీ తోచలేదు. మా ప్రయోగశాలలో నేను "నియమం అంతే" అన్న నియమానికి మూలం ఇదే.

మార్పు ఆస్లో నగరంలో ఆరంభమైనది. నార్వే కంప్యూటింగు కేంద్రంలో ఓలె-యోహాన్ డాల్, క్రిస్టెన్ నీగోర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 'సిములా 67' అనే భాషను నిర్మించారు. ఓడలు, వాహనాలు, బారులు తీరిన మనుష్యులు మొదలైనవాటి ప్రవర్తనను కంప్యూటరుపై అనుకరించి చూడడం వారి కృషిలో ముఖ్యభాగం. అటువంటి పనిలో క్రియకంటె వస్తువు ముఖ్యం. కనుక వస్తువు పేరు వ్రాసి, చుక్క పెట్టి, అది చేయగల పని పేరు వ్రాసే పద్ధతి వారి భాషలో వచ్చినది. వస్తువుకు చెందిన ఈ పనినే తరువాత 'మెథడ్' అన్నారు. 1970లలో జిరాక్స్ పరిశోధనాలయంలో ఆలన్ కే, ఆయన సహచరులు నిర్మించిన 'స్మాల్‌టాక్' భాష మరొక అడుగు ముందుకు వేసినది. దానిలో ప్రతి పనీ ఒక వస్తువుకు పంపే సందేశమే. సందేశం అందుకొనేవాడి పేరు ఎప్పుడూ ముందే ఉంటుంది.

బాణపు గుర్తు మరొక ఇంటినుంచి వచ్చినది. డెనిస్ రిచీ 1970ల ఆరంభంలో బెల్ ప్రయోగశాలల్లో నిర్మించిన 'సి' భాషలో అడ్డగీత, దాని వెనుక కోణం కలిపి బాణంగా వ్రాస్తారు. ఒక చిరునామావద్ద ఉన్న వస్తువు లోపలి భాగాన్ని అందుకోవడానికి అది ఉపయోగపడేది. 1994లో వెలువడిన పెర్ల్ 5 భాష ఆ బాణాన్నే మెథడును పిలవడానికి వాడుకొన్నది.

అదే బెల్ ప్రయోగశాలల్లో మూడవ పాయ ఒకటి పుట్టినది. తోటకు నీళ్ళు పెట్టే గొట్టాలను ఒకదానికొకటి బిగించినట్లు ప్రోగ్రాములనుకూడా బిగించగలగాలని డగ్లస్ మక్‌ఇల్రాయ్ 1964లోనే ఒక కాగితంపై వ్రాసి పెట్టినాడు. 1973లో కెన్ థాంప్సన్ యూనిక్స్‌లో దానిని అమలు చేశాడు. దానికే 'పైపు' అని పేరు. ఒక ప్రోగ్రామునుంచి వెలువడిన వ్రాత నిలువుగీత దాటి తరువాతి ప్రోగ్రాములోకి ప్రవహిస్తుంది. అక్కడకూడా సరకు ఎడమనుంచి కుడికి, పని జరిగే వరుసలోనే సాగిపోతుంది.

విమ్ పుట్టుక

ఇప్పుడు మన అసలు కథకు వద్దాము. కెన్ థాంప్సన్ 1969లో 'ఎడ్' అనే ఎడిటరును వ్రాశాడు. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా ఉన్న బిల్ జాయ్ 1976లో 'వి.ఐ.' అనే ఎడిటరును ఆరంభించాడు. హాలండు దేశస్థుడు బ్రామ్ మోలెనార్ తన అమీగా కంప్యూటరులో అటువంటి ఎడిటరు కావాలని 1988లో పని మొదలుపెట్టి, 1991లో 'విమ్' పేరుతో లోకానికి విడుదల చేశాడు. ఆయన దానికి వెల కట్టలేదు. మీకిది నచ్చితే ఉగాండాలోని నిరుపేద బాలలకు సహాయం చేయండని మాత్రం కోరినాడు. ఆ దేశంలోని కిబాలె బాలల కేంద్రంలో ఆయన స్వయంగా పనిచేసి వచ్చినవాడు.

విమ్‌ను వాడేవారు తమ అవసరాలకు తగినట్లు దానిని మలచుకోవడానికి ఒక చిన్న భాష దానిలోనే ఉన్నది. ఇటువంటిదానిని 'స్క్రిప్టు భాష' అంటారు. 1998లో వెలువడిన 5వ కూర్పుతో ఈ భాష ఒక రూపం దిద్దుకొన్నది. పంక్తిని తెచ్చి ఇచ్చేది, పంక్తిని చేర్చేది, అక్షరాలు లెక్కించేది ఇట్లా ఎడిటరుతో పాటే వచ్చే పనిముట్లను 'అంతర్నిర్మిత ప్రమేయాలు' అనవచ్చును. అవన్నీ ఆయిలర్ పద్ధతిలో, పేరు ముందు, సరకు కుండలీకరణంలో ఉండేవి. అప్పటికి అది ఇబ్బంది కాలేదు. ఏలనంటే భాషలో ఉన్న సరకులు ముఖ్యంగా రెండే: సంఖ్యలు, అక్షరాల వరుసలు.

2006లో 7వ కూర్పు వచ్చినది. దానితో జాబితాలు, నిఘంటువులు అనే క్రొత్త సరకులు భాషలో చేరినవి. జాబితా చేరగానే వడపోయడం, ఒక్కొక్కదానిని మార్చడం, వరుసపెట్టడం, కలపడం అనే పనులు ఒకదానిపై ఒకటి పడసాగినవి. పొందూరు పత్తికి వచ్చిన చిక్కే విమ్ వాడేవారికీ వచ్చినది. చివరి పని ముందు, మొదటి పని లోపల. ప్రమేయాల సంఖ్యకూడా యేటేటా పెరిగి వందలకు చేరినది.

2019 ఆగస్టు

విమ్‌లో జరిగే ప్రతి చిన్న సవరణకూ ఒక సంఖ్య ఉంటుంది. 8.1 కూర్పుకు 1803వ సవరణగా 2019 ఆగస్టులో బాణం వచ్చినది. మొదట అది కొద్ది ప్రమేయాలకే వర్తించినది. తరువాతి వారాలలో, ఒక్కొక్క సవరణకు మరికొన్ని చొప్పున, మిగిలిన ప్రమేయాలకు విస్తరించినది. ఆ యేడు డిసెంబరులో వెలువడిన 8.2 కూర్పులో అది అందరి చేతికీ అందినది.

సిములానుంచి వచ్చిన చుక్కను ఎందుకు వాడలేదని పాఠకులు అడుగవచ్చును. విమ్ భాషలో చుక్కకు అప్పటికే రెండు ఉద్యోగాలున్నవి. రెండు అక్షర వరుసలను అతికించడం ఒకటి. నిఘంటువులోనుంచి ఒక పదాన్ని అందుకోవడం రెండవది. మూడవ ఉద్యోగం కూడా ఇస్తే చదివేవాడికీ కంప్యూటరుకూ గందరగోళమే.

దీని పనితీరు చాల సులభం. బాణానికి ఎడమవైపు ఉన్నదానిని, అంటే ఆధార వస్తువును, తీసుకొనిపోయి ప్రమేయపు కుండలీకరణంలో పెట్టడమే. "జాబితా->కలుపు(కామా)" అని వ్రాస్తే విమ్ దానిని "కలుపు(జాబితా, కామా)" అని గ్రహిస్తుంది. క్రొత్త ప్రమేయం ఏదీ పుట్టలేదు. పాతదానికే రెండవ పిలుపు.

విభక్తి ప్రశ్న

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. దానిని పరిష్కరించిన తీరే ఈ కథలో నాకు అన్నిటికంటె నచ్చినది. ఆధార వస్తువును కుండలీకరణంలో ఎన్నవ స్థానంలో పెట్టాలి?

అన్నిటికీ మొదటి స్థానమే అంటే నియమం సులభమే. కాని పంక్తులను చేర్చే 'అపెండ్' అనే ప్రమేయాన్ని చూడండి. దానికి మొదట పంక్తి సంఖ్య, తరువాత వ్రాత ఇవ్వాలి. "మూడవ పంక్తి క్రింద ఈ వాక్యాన్ని చేర్చు" అన్నట్లు. మొదటి స్థానమే నియమమైతే బాణానికి ఎడమన 'మూడు' అనే సంఖ్య ఉండాలి. అది సహజమా? మన చేతిలో ఉన్నది వాక్యం. దానిని పట్టుకొని ఎక్కడో చేర్చాలి. కనుక విమ్‌లో 'అపెండ్'ను బాణంతో పిలిచినప్పుడు ఆధార వస్తువు రెండవ స్థానానికి పోతుంది. "వాక్యం->అపెండ్(3)" అని వ్రాస్తాము. అంకెలనూ మాటలనూ ఒక అచ్చులో పోసే 'ప్రింట్‌ఎఫ్' అనే ప్రమేయం విషయంలోకూడా ఇంతే. అచ్చు మొదటిది, విలువ రెండవది. బాణానికి ఎడమన ఉండేది విలువ.

ఈ సంగతి విమ్‌కు ఎట్లా తెలుస్తుంది? దాని మూలగ్రంథంలో అంతర్నిర్మిత ప్రమేయాల పట్టిక ఒకటి ఉన్నది. ప్రతి వరుసలో ప్రమేయం పేరు, దానికి ఇవ్వవలసిన సరకుల కనిష్ఠ సంఖ్య, గరిష్ఠ సంఖ్య ఉంటవి. వాటి ప్రక్కన 2019లో మరొక గడి చేర్చారు. ఆధార వస్తువు ఎన్నవ స్థానానికి పోవాలో ఆ గడి చెబుతుంది. కలిపే ప్రమేయానికి అక్కడ ఒకటి, 'అపెండ్'కు రెండు. సరకేమీ తీసుకోని ప్రమేయానికి సున్న. దానిని బాణంతో పిలవడం కుదరదు.

తెలుగువారికి ఇది అర్థం కావడం కష్టం కాదు. "గంపలో పత్తిని వేయి" అన్నా, "పత్తిని గంపలో వేయి" అన్నా అర్థం మారదు. ఏది వేయవలసినదో, ఎందులో వేయవలసినదో 'ని', 'లో' అనే విభక్తి ప్రత్యయాలే చెబుతవి, స్థానం కాదు. ఆయిలర్ వ్రాతలో ప్రత్యయాలు లేవు గనుక స్థానమే విభక్తి. పట్టికలో చేర్చిన ఆ ఒక్క గడి, బాణానికి ఎడమన ఉన్న మాటకు ఏ విభక్తి చేర్చి చదవాలో చెప్పే వ్యాకరణ సూత్రం వంటిది. ప్రతి ప్రమేయానికీ కూర్చుని, "దీనిలో మనిషి చేతపట్టుకొనే వస్తువు ఏది?" అని ఆలోచిస్తే తప్ప ఆ గడిని నింపడం సాధ్యం కాదు.

రెండు హెచ్చరికలు

మొదటిది. చూపుకు మెథడువలె ఉన్నంతమాత్రాన ఇది సిములా, స్మాల్‌టాక్‌ల మెథడు కాదు. అక్కడ ఒకే సందేశానికి ఒక్కొక్క వస్తువు తన జాతిని బట్టి ఒక్కొక్క విధంగా బదులిస్తుంది. విమ్ బాణం వెనుక ఉన్నది ఆ పాత ప్రమేయమే. మారినది వ్రాత, వ్యవస్థ కాదు. విద్యార్థులు ఈ రెండింటినీ కలగాపులగం చేసుకోరాదు.

రెండవది. వడపోయడం, వరుసపెట్టడం చేసే విమ్ ప్రమేయాలు క్రొత్త జాబితాను తయారుచేయవు. ఇచ్చిన జాబితానే మార్చివేస్తవి. ఏకిన పత్తి మరల ముడిపత్తి కానట్లే, వడపోసిన తరువాత పాత జాబితా ఉండదు. బాణాల వరుస నీటిప్రవాహంవలె హాయిగా ఉండడంచేత ఈ సంగతి మరచిపోవడం సులభం. అసలు కావలసి ఉంటే, వరుస మొదటనే 'కాపీ' అనే ప్రమేయంతో నకలు తీసుకోవాలి. ఒక్కొక్కదానిని మార్చి క్రొత్త జాబితాను ఇచ్చే 'మ్యాప్‌న్యూ' అనే ప్రమేయం 2020లో విడిగా చేరినది.

ఇరువైపులా వంతెన

2022 జూన్‌లో విమ్ 9వ కూర్పు వెలువడినది. దానితో 'విమ్9 స్క్రిప్టు' అనే సంస్కరించిన భాష వచ్చినది. పాత భాషలో ఒక వాక్యాన్ని రెండవ పంక్తికి పొడిగించాలంటే పంక్తి మొదట వాలుగీత పెట్టాలి. క్రొత్త భాషలో పంక్తి బాణంతో ఆరంభమైతే అది పై పంక్తికి కొనసాగింపే అని విమ్ తానే గ్రహిస్తుంది. కనుక పంక్తికి ఒక పని చొప్పున, ప్రయోగ విధానం వ్రాసుకొన్నట్లు, పైనుంచి క్రిందికి వ్రాసుకోవచ్చును.

మోలెనార్ 2023 ఆగస్టు 3న, 62 యేండ్ల వయస్సులో మరణించాడు. ముప్పదియేండ్లకు పైగా ఆయన నడిపిన పనిని క్రిస్టియన్ బ్రబాంట్ మొదలైన సహచరులు చేపట్టారు. 2024 జనవరి 2న వెలువడిన 9.1 కూర్పును మోలెనార్ స్మృతికి అంకితం చేశారు. ఆ కూర్పుతో జాతులూ వస్తువులూ, నిజమైన మెథడులూ విమ్ భాషలోకి వచ్చినవి.

ఆ యేడే చేరిన మరొక సదుపాయం ఈ కథను పూర్తిచేస్తుంది. ఒక వస్తువు తన పొడవు ఎంతో చెప్పే 'లెన్' అనే మెథడును తనలో ఉంచుకొంటే, పాత పద్ధతిలో 'లెన్(వస్తువు)' అని పిలిచినా విమ్ ఆ మెథడునే పిలుస్తుంది. ఖాళీయో కాదో చెప్పేదానికీ, అక్షరాలుగా మార్చేదానికీ ఇదే ఏర్పాటు. 2019లో ప్రమేయాన్ని మెథడువలె పిలిచే వంతెన పడినది. 2024లో మెథడును ప్రమేయంవలె పిలిచే వంతెన పడినది.

ఈ దారిలో విమ్ ఒంటరిది కాదు. 'డి' అనే భాషలో రెండు పిలుపులూ చెల్లుతవి. సి++ భాషకు ఇటువంటి సదుపాయం కావాలని దాని నిర్మాత బ్యార్న్ స్ట్రౌస్ట్రప్ మొదలైనవారు 2014లో ప్రతిపాదించారు. కాని 2017 ప్రమాణంలో దానికి చోటు దొరకలేదు. గణాంకశాస్త్రజ్ఞులు వాడే 'ఆర్' భాషలో 2021లో పైపు గుర్తు చేరినది. దేశాలు వేరు, భాషలు వేరు; కాని చదివేవాడి కష్టం ఒకటే కావడంచేత అందరూ ఒకే మలుపు తిరిగారు.

పాతదానిని త్రోసివేయకుండా

ఇంత జరిగినా విమ్ పాత పద్ధతిని నిషేధించలేదు. 2006లో వ్రాసిన స్క్రిప్టులలోని ప్రమేయాలు ఆనాటి పిలుపుతోనే ఇప్పటికీ పలుకుతవి. సైను, కొసైనుల వంటి వాటికి ఆయిలర్ వ్రాతే అందం. ఒక్క పని ఉన్నచోట దానినే వాడవచ్చును. పనిమీద పని ఉన్నచోట బాణం మేలు.

మన ప్రాంతంవారికి ఇటువంటి వాదం క్రొత్త కాదు. శ్రీకాకుళం ప్రాంతపు పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తిగారు, చదువుకొన్నవారు మాట్లాడుకొనే భాషలోనే పిల్లలకు చదువు చెప్పాలని జీవితాంతం పోరాడినారు. వ్రాతకు ఒక నియమం ఉన్నంతమాత్రాన అది పిల్లవాడి నోటిలోని మాటను తప్పుగా చేయదని వారి వాదనలోని సారం. వారు పాతగ్రంథాలను చదువవద్దన్నవారు కారు. వాటిలో గొప్ప పండితులే. కంప్యూటరు వ్రాతకు సంబంధించిన చిన్న విషయాన్ని ఆ మహోద్యమంతో సరితూచడం నా ఉద్దేశం కాదు. కాని ఉపాధ్యాయుడు నేర్చుకోవలసిన పాఠం రెండుచోట్లా ఒకటే. విద్యార్థి ఆలోచనలో తప్పు ఉన్నదా, లేక ఆలోచనకూ వ్రాతకూ మధ్య పొత్తు కుదరలేదా అని ముందు విచారించాలి.

2018లో ఆ అమ్మాయి వ్రాసిన వరుసను ఆనాటి విమ్ అంగీకరించలేదన్నది నిజం. కాబట్టి ప్రోగ్రాములో తప్పు ఉన్నదని నేను చెప్పడం సరియైనదే. కాని "తలక్రిందులుగా ఆలోచిస్తున్నావు" అన్నమాట సరియైనది కాదు. ఆమె ఆలోచన పని జరిగే వరుసలోనే ఉన్నది. మరుసటి యేడే ఆ వరుసకు విమ్‌లో చోటు దొరికినది. తెలుగులో ఆలోచించడంచేత తమకు కంప్యూటరు శాస్త్రం రాదని భయపడే పిల్లలు మా తరగతులలో ప్రతి యేటా ఉంటారు. వారి భయానికి నావంటివారు అనే ఇటువంటి మాటలుకూడా కొంత కారణం.

ఆ అమ్మాయి చదువు ముగించుకొని వెళ్ళిపోయినది. ఆమెకు ఇవ్వలేకపోయిన సమాధానాన్ని ఇప్పుడు ప్రతి సంవత్సరం క్రొత్తగా చేరినవారికి మొదటి వారంలోనే చెబుతున్నాను. నల్లబల్లపై పొందూరు పత్తిని రెండు విధాలా వ్రాస్తాను. రెండూ చదివిస్తాను. రెండింటిలో ఏది ఎక్కడ తగునో వారినే చెప్పమంటాను. స్టేషను పలకపై ఏ పేరున్నా తమ ఊరిలోనే దిగుతామని తెలిసిన పిల్లలకు ఇది బోధపడడానికి ఎక్కువసేపు పట్టదు.